నాకాగూడ శిలాశాసనం

“చరిత్ర లేని ఊరు ఈ రాష్ట్రంలో ఉండటానికి వీల్లేదు. వచ్చే మార్చి ముప్పై ఒకటో తేదీలోగా జిల్లా హద్దుల్లో ఉన్న గ్రామాలన్నింటికీ చరిత్ర కల్పించబడుతుంది!”

1974లో దసరా వెళ్లిన మూడో రోజున మంత్రిగారు ఈ ప్రకటన చేశారు. చప్పట్లు మోగాయి. అదే ఏడు ఎండాకాలం మొదట్లో ఇదే నోటితో అన్ని ఊళ్లకూ మంచినీళ్లు కల్పిస్తామన్నారు. నీళ్లు కల్పించడం కష్టమని తేలింది. దానికి నేలలో నీళ్లుండాలి. చరిత్రకు ఆ బాధ లేదు.

బొంబాయి రోడ్డు మీద లింగంపల్లి దాటాక, హైదరాబాదు జిల్లా అయిపోయి మెదకు జిల్లా మొదలయ్యే చోట నాకాగూడ ఉంది. అరవై గడపల ఊరు. రోడ్డు పక్కన ఒక రాతి గది, గది ముందు మిరపకాయ బజ్జీల పొయ్యి. ఆ గదిలో పెంటయ్య, ఆయన భార్య భూలక్ష్మి ముప్పై నాలుగేళ్లుగా కాపురం ఉంటున్నారు.

నిజాం కాలంలో అది కరోడ్‌గిరి నాకా. అంటే సరుకుల మీద సుంకం వసూలు చేసే చౌకీ. రోడ్డుకు అడ్డంగా ఒక దూలం ఉండేది. ఆ దూలం ఎత్తే జవాను పెంటయ్య. బండి వస్తే ఆపాలి, “గఠ్రీ దిఖావ్” అనాలి, మూట విప్పించి చూడాలి, దారోగా సుంకం రాసుకున్నాక దూలం ఎత్తాలి. బండి కుంగుడు చూసి మూట బరువు చెప్పగల కన్ను ఆయనది. మూటలో ఏముంటే అందులో పిడికెడు జవానుది. పొగాకైతే పొగాకు, పప్పయితే పప్పు. దాన్ని లంచమని ఎవరూ అనలేదు. ‘పిడికెడు’ అన్నారు, అంతే.

పోలీస్ యాక్షన్ తరువాత నిజాం పోయాడు, కరోడ్‌గిరి పోయింది, దారోగా పోయాడు. పెంటయ్యను పొమ్మని మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన ఆఫీసే లేదు. ఆయన ఉండిపోయాడు. దూలం గది కప్పుకు ఆసరా అయింది.

ఈ ఊరికి చరిత్ర కల్పించడానికి నియమితులైన స్పెషల్ ఆఫీసరు సీతారామాంజనేయులుగారు. పశ్చిమ గోదావరి మనిషి, సంస్కృతంలో దిట్ట, హైదరాబాదు వచ్చి నాలుగు నెలలు. పని రాక్షసుడు. అప్పటికే పదకొండు రోజుల్లో తొమ్మిది ఊళ్లకు చరిత్ర కల్పించి ఉన్నారు. చందానగర్ ఒకనాటి చందనవనమని కనిపెట్టింది ఆయనే. మదీనాగూడను మదనగూడగా, అంటే మన్మథుడి గూడుగా తేల్చిందీ ఆయనే. “గిన్నొద్దులు మాకు తెల్వకపాయె” అని మదీనాగూడ ముసలివాళ్లు సిగ్గుపడ్డారట.

జీపు వచ్చి రాతి గది ముందు ఆగింది. సర్పంచి లింగమూర్తి దండతో ఎదురెళ్లాడు.

“ఊరి పేరేమిటండీ?”

“నాకాగూడ సార్.”

ఆఫీసరుగారు జీపు దిగకుండానే కళ్లు మూసుకున్నారు. “నాకం! నాకమంటే ఏమిటో తెలుసునా? స్వర్గమండీ. గూడ అంటే గూడు. స్వర్గపు గూడు! మరి ఈ కట్టడం?”

“గదా సార్? కరోడ్‌గిరి నాకా.”

ఆఫీసరుగారు జీపు దిగారు. చెప్పులు కూడా విడిచారు. “కరోడ... గిరి. గిరి అంటే కొండ.” గది వెనకాల నాలుగు గుండ్లు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి. ఆ ప్రాంతమంతా అలాంటి గుండ్లే. “అదిగో గిరి! కరోడగిరి రాజ్యం, నాకం రాజధాని. తక్కువ వేసుకున్నా వెయ్యేళ్లండీ.”

పెంటయ్య మూకుడులోంచి బజ్జీ తీయడం ఆపాడు. “సారూ, గది సుంకం నాకా. నేనే జవానును. గీ రోడ్డు మీదనే నిలవడి...”

“ఎన్నాళ్ల నుంచి నిలబడుతున్నావయ్యా?”

“నేనా? మా నాయిన గూడ గీ నాకలనే...”

‘వంశపారంపర్య ద్వారపాలకులు’ అని రాసుకున్నారు ఆఫీసరుగారు.

పెంటయ్య సర్పంచి వంక చూశాడు. “పటేలా, జర నువ్వన్న జెప్పరాదు.”

లింగమూర్తి పక్కకు వంగి గొంతు తగ్గించాడు. “పెంటన్నా, చరిత్రొస్తె దానెంబడి బోరింగొస్తదంట. కాయితంల ఉన్నది. నీదేం బోతున్నది?”

పెంటయ్యకు అప్పటికి తనదేం పోతుందో తెలియదు. బజ్జీ మాడింది.

అప్పుడే ఆఫీసరుగారి కన్ను గోడలో ఉన్న నల్లరాయి మీద పడింది. నడుమెత్తున, గడపకు కుడిపక్కన ఉంది. భూలక్ష్మి కత్తిపీట నూరుకునే చోటు. దాని మీద రెండు వరుసల అక్షరాలున్నాయి, వంకరలు తిరిగి, అరిగిపోయి.

“శాసనం!” అన్నారు ఆఫీసరుగారు.

“ఉర్దూ సార్ గది. నిజాం హుకుం,” అన్నాడు పెంటయ్య.

ఆఫీసరుగారు జాలిగా నవ్వారు. “ఉర్దూ కుడి నుంచి ఎడమకు పోతుందయ్యా. ఇది చూడు, ఎడమ నుంచి కుడికి పోతోంది.”

“తలకిందికేసి పెట్టిన సార్. వానకు గోడ గూలితే మల్ల నేనే కట్టిన. బండ గట్టిగుంటె సాలనుకున్న. తీసి సక్కగ పెడ్త, సూడుండ్రి.”

“ముట్టుకోకు! శాసనాన్ని కదిలించకూడదు. రూలుంది.”

అలా రూలు ప్రకారం ఆ రాయి తలకిందులుగానే ఉండిపోయింది. దాని మీది రాత బ్రాహ్మీ కన్నా పాతదని, దాని పేరు ‘కరోడ లిపి’ అని ఆఫీసరుగారు సాయంత్రం లోగా నిర్ణయించారు. లింగమూర్తి నాలుగో తరగతి దాకా ఉర్దూలోనే చదివాడు. అతను నోరెత్తలేదు. బోరింగు గోతికి స్థలం చూస్తున్నాడు.

నెల తిరక్కుండా గది తలుపుకు నోటీసు అంటించారు. ‘కరోడగిరి మహారాజుల సభామండపమును అక్రమముగా ఆక్రమించుకొని అందు బజ్జీలు వేయుచున్న పెంటయ్య అను నతడు, మంత్రివర్యుల ప్రారంభోత్సవము ముగిసిన మరునాటి ఉదయము లోగా కుటుంబ సమేతముగా ఖాళీ చేయవలెను.’

భూలక్ష్మి చదువుకోలేదు. చదివించుకుని విన్నది. “రాజుల సభనా? ముగ్గురు పిల్లల్ని గీ అర్రలనే గంటి. రాజుల సభల గన్ననా? ఏమయ్యా, నీ నోట్లె నాలిక లేదా? పోయి జెప్పు!”

ఆ మాట అంటుండగానే పక్కింటి రుక్కమ్మ ఏడుస్తూ వచ్చి గడపలో కూలబడింది. ఆ రోజుల్లో ఒక జిల్లా బియ్యం ఇంకో జిల్లాకు దాటించకూడదని సర్కారు హుకుం. రుక్కమ్మ బిడ్డ లింగంపల్లిలో కాన్పయింది. బాలింతకు పెడదామని ఎనిమిది కిలోల బియ్యం మూట కట్టుకుని పోతుంటే హద్దు దగ్గర ఎస్సై పట్టుకున్నాడు. మూట గుంజుకుని కేసు రాశాడు.

“స్మగ్లర్ అన్నడే వదినె నన్ను. గట్లంటె ఏందే?”

“పెద్దోళ్లను అంటరే గట్ల,” అన్నది భూలక్ష్మి. “నిన్ను గూడ అన్నడంటె నువ్వు పెద్దదానివైనట్టే. ఊకో.”

పెంటయ్య చందానగర్‌లో ఆఫీసరుగారి క్యాంపుకు నడిచి పోయాడు. ఎనభై నాలుగు పేజీల రిపోర్టు అప్పుడే టైపు అవుతోంది.

“సార్, గది సభ గాదు. సుంకం నాకా. బండ్లు ఆపుతుంటిమి, మూటలు ఇప్పిపిస్తుంటిమి.”

‘ప్రజలు రాజ్యసరిహద్దున కానుకలు విప్పి సమర్పించుకొనెడివారు’ అని చెప్పారు ఆఫీసరుగారు టైపిస్టుకు.

“కానుకలు గావు సార్, సుంకం! కట్టకపోతె దారోగా తన్నేటోడు.”

‘రాజోద్యోగులు ప్రజలను స్వయముగా తాకి ఆశీర్వదించెడివారు.’

పెంటయ్య చెమట తుడుచుకున్నాడు. ఇల్లు దక్కాలంటే ఉన్నది ఉన్నట్టు చెప్పడమే దారి అనుకున్నాడు, పాపం. తన తప్పు కూడా ఒప్పుకుంటే నమ్ముతారనుకున్నాడు. “సార్, దాచుడెందుకు? నేను గూడ తిన్న. మూటల ఏముంటె అండ్ల పిడికెడు తీసుకుంటుంటి. గప్పుడే దూలం లేపుతుంటి.”

ఆఫీసరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “పిడికెడు ధర్మం! ఎంత ఉదాత్తమైన ఆచారమండీ! ద్వారపాలకుడికి పిడికెడు సమర్పిస్తేనే దండం లేచేదన్నమాట. నలభై ఒకటో పేజీలో పెట్టండి. అండర్‌లైన్ చెయ్యండి.” తరువాత పెంటయ్య భుజం తట్టారు. “ప్రారంభోత్సవం రోజున ద్వారపాలకుడి వేషంలో నువ్వే ఉండాలి. కిరీటం అద్దెకు తెప్పిస్తున్నాం.”

“తెల్లారి ఎల్లగొడ్తరు, ఇయ్యాల కిరీటం పెడ్తరు. గిదేం కత సార్?”

“చరిత్రలో నిలబడతావయ్యా.”

“నిలవడ్త సార్. పండుడెక్కడ?”

ఆ ప్రశ్న రిపోర్టు పరిధిలోకి రాదు.

మార్చి ఇరవై తొమ్మిది. గది కప్పులోంచి పాత దూలం ఊడదీసి, ఎరుపు తెలుపు రంగులు వేసి, బంతిపూలు చుట్టి, రోడ్డుకు అడ్డంగా మళ్లీ పెట్టారు. ‘విజయదండం’ అని బోర్డు కట్టారు. ఆసరా పోయి గది కప్పు మధ్యలో కుంగింది. భూలక్ష్మి కుండలు, మంచం, దేవుడి పటం రుక్కమ్మ వాకిట్లోకి చేరాయి. పెంటయ్య అట్ట కిరీటం పెట్టుకుని, దుడ్డుకర్ర పట్టుకుని దూలం పక్కన నిలబడ్డాడు. పాతికేళ్ల కింద నిలబడిన చోటే. అప్పుడు కిరీటం లేదు, ఇల్లుండేది.

“మంచిగున్నవ్ మహారాజా,” అన్నది భూలక్ష్మి. “రేపటి సంది ఏ రాజ్యం ఏలుతవ్?”

మంత్రిగారు మెదకు జిల్లా పర్యటన ముగించుకుని, మూడు కార్లతో అటు నుంచి వచ్చారు. కార్లు దూలం ముందు ఆగాయి. వాటి ముక్కులు పైకి లేచి ఉన్నాయి, వెనక భాగాలు నేలకు ఆనుకుని ఉన్నాయి. పెంటయ్య కన్ను ముందు చక్రాల మీద పడింది, తరువాత వెనక చక్రాల మీద పడింది. ఒక్కో కారుకు మూడు బస్తాలు అనుకున్నాడు. ఏం చేస్తాం, కన్ను అలవాటు పడింది.

బ్యాండు మోగింది. మంత్రిగారు రాయికి దండ వేసి మైకు ముందుకు వచ్చారు. “ఈ శిలాశాసనం మన పూర్వీకుల గొంతు! ఇందులో ఏమని ఉంటే అది మా ప్రభుత్వం అక్షరాలా అమలు చేస్తుంది! కలెక్టరుగారూ, నోట్ చేసుకోండి!”

కలెక్టరుగారు నోట్ చేసుకున్నారు. పత్రికలవాళ్లూ నోట్ చేసుకున్నారు.

“ఇంతకీ ఏమని ఉందండీ?” అన్నారు మంత్రిగారు, మైకు కొంచెం పక్కకు తిప్పి.

“లిపి పరిశీలనలో ఉంది సార్,” అన్నారు ఆఫీసరుగారు.

మంత్రిగారు సరదా మనిషి. కిరీటం పెట్టుకున్న పెంటయ్యను చూశారు. “ఏమయ్యా ద్వారపాలకా, మీ తాతల శాసనం కదా, నువ్వు చదువుతావా?”

జనం నవ్వారు. “సదువుత సార్,” అన్నాడు పెంటయ్య.

కిరీటం తీసి భూలక్ష్మికిచ్చాడు. రాయి దగ్గరకు పోయి, దానికి వీపు పెట్టి, కాళ్లు ఎడంగా చాపి, నడుము వంచి, కాళ్ల మధ్య నుంచి తల పెట్టి రాయి వంక చూశాడు. తలకిందులు రాతను తలకిందులుగానే కదా చదవాలి.

“శాసన వందనం!” అన్నారు ఆఫీసరుగారు, కళ్లు చెమ్మగిల్లుతూ. “వంశాచారమండీ ఇది!”

మంత్రిగారు సంస్కృతిని గౌరవించే మనిషి. ఆయనా రాయికి వీపు పెట్టి, పంచె సర్దుకుని, నడుము వంచి కాళ్ల మధ్య నుంచి చూశారు. ఆయన వెనక కలెక్టరుగారు. కలెక్టరు వెనక ఎస్సై. ఫొటోలు పడ్డాయి.

పెంటయ్య ఆ వంగుడులోనే గట్టిగా చదివాడు. “గీ నాకా కాడ బండి ఆపకుంట, మూట ఇప్పి సూపకుంట ఎవ్వడు దాటొద్దు. అమీరైనా గరీబైనా ఒక్కటే.” ఊపిరి పీల్చుకున్నాడు. “నాకా జవాను, వాని పెండ్లాం పిల్లలు గీ అర్రలనే ఉండాలె. ఎల్లగొట్టేటోని వంశం నిలవదు.”

జనం మధ్యలోంచి “జై!” అని కేక. అది రుక్కమ్మ.

రాయి మీద ఉన్న రాతంతా రెండు ముక్కలే. బండి ఆపమన్నది ఒకటి, అమీరైనా గరీబైనా అన్నది ఒకటి. నాకా జవాను సంసారం గురించి నిజాం ఎన్నడూ దిగులు పడలేదు. లింగమూర్తి రాయి వంక చూశాడు, పెంటయ్య వంక చూశాడు, మళ్లీ రాయి వంక చూశాడు. కాదంటే తనకు ఉర్దూ వచ్చని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే అయిదు నెలలుగా నోరెందుకు మూసుకున్నావని అడుగుతారు. “గట్లనే ఉంటది సార్. మా పెద్దలు గూడ గట్లనే జెప్పెటోళ్లు,” అన్నాడు.

మంత్రిగారు అందరి ముందూ మాట ఇచ్చి ఉన్నారు. “నోట్ చేసుకోండి,” అన్నారు మళ్లీ, నడుము నిమురుకుంటూ.

ఇక కార్యక్రమంలో మిగిలింది ఆఖరి అంశం. ‘ద్వారపాలకుడు విజయదండము నెత్తుట, మంత్రివర్యుల నిష్క్రమణము.’ మంత్రిగారు కారెక్కారు. ఇంజన్లు మోగాయి. పెంటయ్య దూలం మీద చెయ్యి వేశాడు. వెనక చక్రాల వంక మళ్లీ చూశాడు.

“ఎత్తవయ్యా,” అన్నారు ఆఫీసరుగారు.

“గఠ్రీ దిఖావ్,” అన్నాడు పెంటయ్య.

అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు. ఇరవై ఆరేళ్లుగా నోట్లో నానుతున్న మాట, జారిపోయింది.

“ఏమంటాడు?” అన్నారు మంత్రిగారు కిటికీలోంచి.

జనంలోంచి రుక్కమ్మే చెప్పింది. “డిక్కీ తెరిచి సూపుమంటున్నడు సారూ! అమీరైనా గరీబైనా ఒక్కటేనట గద, గిప్పుడే ఇంటిరి!”

ఫొటోలవాళ్లు కార్ల వెనక్కి నడవడం మొదలుపెట్టారు. కలెక్టరుగారు నోట్‌బుక్కులో ఏదో వెతుక్కున్నారు. రుక్కమ్మ మూట గుంజుకున్న ఎస్సై కరోడగిరి శిఖరాన్ని తదేకంగా చూస్తూ నిలబడ్డాడు.

“చూపడానికేముందయ్యా,” అన్నారు మంత్రిగారు. “స్టెప్నీ... జాకీ...”

“స్టెప్నీకి గంత బరువా సారూ? చక్రాలు సగం నేలల దిగినయ్!” అన్నది రుక్కమ్మ.

మంత్రిగారి మొహాన చెమట పట్టింది. ప్రభుత్వం ఇలా ఇరుకున పడిన ఘడియలోనే పాండిత్యం ఎందుకు పనికొస్తుందో లోకానికి తెలిసింది. సీతారామాంజనేయులుగారు రిపోర్టు పైకెత్తి పరుగున వచ్చారు.

“సార్! ఇది తనిఖీ కాదండీ, ఆచారం! నలభై ఒకటో పేజీ! ద్వారపాలకుడికి పిడికెడు సమర్పిస్తే దండం లేస్తుంది. పిడికెడు ధర్మమండీ!”

మంత్రిగారు తేరుకున్నారు. “చూశారా మన సంస్కృతి! పాటించాల్సిందే. ఇప్పుడే, ఇక్కడే పాటిస్తాం.”

“ఏకాంతంగా జరగాలి,” అన్నారు ఆఫీసరుగారు పత్రికలవాళ్లతో. అది రిపోర్టులో లేదు. అప్పటికప్పుడు తట్టింది. మహానుభావుడు.

మూడు కార్లూ గది వెనక్కి, గుండ్ల చాటుకు వెళ్లాయి. బ్యాండువాళ్లను ఇంకాస్త గట్టిగా వాయించమన్నారు. కార్లు తిరిగి వచ్చేసరికి వెనక చక్రాలు కొంచెం తేరుకుని ఉన్నాయి. మరీ అంత కాదు, కొంచెం. పెంటయ్య దూలం ఎత్తాడు. సంస్కృతి హైదరాబాదు జిల్లాలోకి దాటిపోయింది.

మర్నాడు పత్రికల్లో మంత్రిగారు కాళ్ల మధ్య నుంచి శాసనాన్ని చూస్తున్న ఫొటో వచ్చింది. వారానికి జి.ఓ. వచ్చింది. నాకా గది ఆచంద్రార్కం జవాను కుటుంబానిదేనని, వెళ్లగొట్టేవారి వంశం నిలవదని, గవర్నరుగారి ఉత్తర్వుల మేరకు అండర్ సెక్రటరీ సంతకంతో. సీతారామాంజనేయులుగారికి ప్రమోషన్ వచ్చింది. చరిత్ర వచ్చింది. బోరింగు రాలేదు. లింగమూర్తి తవ్వించిన గోతిలో ఇప్పటికీ మేకలు పడుతుంటాయి.

అయితే ఆ ప్రారంభోత్సవం నాటి సాయంత్రం సంగతి పత్రికల్లో రాలేదు. పెంటయ్య దూలం తెచ్చి కప్పుకు మళ్లీ ఆసరా పెడుతున్నాడు. భూలక్ష్మి గుండ్ల చాటుకు పోయి చూసి వచ్చింది.

“పిడికెడంటివి? గాడ మూడు బస్తాలున్నయ్. సన్నబియ్యం!”

“ఒక్కో కారుకు పిడికెడే,” అన్నాడు పెంటయ్య. “మంత్రి పిడికిలి గదీ. పెద్దగుంటది.”

భూలక్ష్మి పొయ్యి వెలిగించక ముందే రుక్కమ్మ చీర కొంగు పట్టించి, ఎనిమిది కిలోలు కొలిచి పోసింది. రుక్కమ్మ మూట కట్టుకుని లేచింది గానీ కదల్లేదు. పొద్దు గుంకక ముందే లింగంపల్లి చేరాలి. ఎస్సై ఇంకా హద్దు మీదే ఉన్నాడు.

“మల్ల వట్టుకుంటె ఏం జెప్పాలె అన్నా?”

పెంటయ్య దూలం కింద భుజం పెట్టి ఒక్క ఊపున పైకి నెట్టాడు. కప్పు సర్దుకుంది.

“శాసనం సదువుకొమ్మను,” అన్నాడు. “ఎట్ల వంగాలెనో వానికెరికే.”